అభియోగ పత్రంలో చేరని నేరం

న్యాయవాద వృత్తిని ప్రజల పనిగా భావించిన ఒక పెద్దమనిషి పేరిట ఏర్పడిన ఈ ధర్మనిధి ఉపన్యాసంలో, చెప్పడానికీ వినడానికీ కష్టమైన విషయాన్ని ఎంచుకున్నాను. యుద్ధాల్లో, సాయుధ ఘర్షణల్లో స్త్రీల మీదా, చాలాచోట్ల పురుషుల మీదా జరిగే లైంగిక హింసను న్యాయవ్యవస్థ ఎలా ఎదుర్కొంది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నది ఆ విషయం. దీని గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: ఉన్న చట్టాలు చాలవు, ఇంకా కఠినమైనవి రావాలి అని. నా వాదన వేరు. నిషేధం చట్టంలో ఏనాడో ఉంది. కొరవడింది దర్యాప్తు. మొదటి వాంగ్మూలం రాసుకున్న మనిషి ఏం అడిగాడు, ఏం అడగకుండా కాగితాలు కట్టేశాడు అన్నదాంతోనే చాలా కేసుల గతి తేలిపోయింది. కాబట్టి ఈ నేరం గురించి అడగడాన్ని దర్యాప్తు అధికారి ఇష్టానికి వదిలేయకూడదు. అది చట్టం మోపిన విధి కావాలి, ఆ విధిని ఎగ్గొట్టినవారు జవాబు చెప్పుకోవాలి.

నిషేధం ఎంత పాతదో ముందు చూద్దాం. 1863లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, లింకన్ ప్రభుత్వం తన సైన్యానికి ఇచ్చిన లీబర్ నియమావళి ఆక్రమిత ప్రాంతాల్లో అత్యాచారానికి మరణశిక్ష దాకా విధించవచ్చని రాసింది. 1907 హేగ్ నిబంధనలు ‘కుటుంబ గౌరవాన్ని’ కాపాడాలన్నాయి. 1949 నాటి నాలుగో జెనీవా ఒడంబడిక 27వ అధికరణం అత్యాచారాన్ని పేరుపెట్టి నిషేధించింది, అయితే స్త్రీ గౌరవంపై దాడి అనే చూపుతోనే. దెబ్బ తిన్నది మనిషి శరీరమూ ఇష్టమూ అయితే, చట్టం ఆమె పరువును లెక్కించింది. పరువు పోయిన విషయాన్ని నలుగురిలో ఎత్తకపోవడమే మర్యాద అనే అలవాటు ఆ చూపు వెంటే వచ్చింది. 1945 డిసెంబరులో జర్మనీని ఆక్రమించిన మిత్రరాజ్యాలు తెచ్చిన 10వ నంబరు చట్టం మానవాళిపై నేరాల పట్టికలో అత్యాచారాన్ని చేర్చింది. అయినా నూరెంబర్గ్ ప్రధాన విచారణ తీర్పులో ఆ నేరం ఊసు లేదు. సాక్ష్యం లేక కాదు. సోవియట్, ఫ్రెంచి ప్రాసిక్యూటర్లు ఆ వివరాలున్న పత్రాలను కోర్టు ముందు పెట్టారు. ఒక ఫ్రెంచి ప్రాసిక్యూటర్ అయితే ఆ ఘోరాలను చదవకుండా దాటవేస్తున్నందుకు కోర్టును మన్నించమన్నారు. టోక్యో విచారణ నాన్‌జింగ్ అత్యాచారాలను తీర్పులోకి తీసుకుంది కానీ, జపాన్ సైన్యం నడిపిన లైంగిక బానిసత్వ కేంద్రాల బాధ్యులెవరినీ ఆ నేరానికి విచారించలేదు. మన పొరుగున బంగ్లాదేశ్ 1973లోనే తన అంతర్జాతీయ నేరాల చట్టంలో అత్యాచారాన్ని మానవాళిపై నేరంగా రాసుకుంది. ఆ చట్టం కింద ట్రైబ్యునల్ ఏర్పడింది మాత్రం 2010లో. రాత ఉంది, పని జరగలేదు. ఇదే కథ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఆ కథ మలుపు తిరిగిన కేసు రువాండాది. దాన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆ తీర్పు గురించి మాట్లాడేవారు చాలామంది దాని ఫలితాన్నే చెబుతారు, అది దాదాపుగా ఎలా చేజారిపోయిందో చెప్పరు. జాన్ పాల్ అకయేసు టాబా అనే కొమ్యూన్‌కు మేయరు. 1994 ఏప్రిల్‌లో టుట్సీల ఊచకోత మొదలయ్యాక ప్రాణభయంతో పారిపోయిన జనం అతని కార్యాలయ ఆవరణలో తలదాచుకున్నారు. టాబాలో కనీసం 2,000 మంది టుట్సీలు హతమయ్యారని అభియోగ పత్రం పేర్కొంది. ఆవరణలో ఆశ్రయం పొందిన స్త్రీలను మిలీషియాలు అక్కడే, ఆ పరిసరాల్లోనే, పదేపదే చెరిచారు. కానీ 1996 ఫిబ్రవరిలో దాఖలైన అభియోగ పత్రంలో 12 అభియోగాలుంటే ఒక్కటీ లైంగిక హింసకు సంబంధించినది కాదు. 1997 జనవరిలో టాంజానియాలోని అరూషాలో, రువాండా కోసం ఏర్పడిన అంతర్జాతీయ ట్రైబ్యునల్ ముందు విచారణ మొదలైంది. సాక్షి ‘జె’ అనే రహస్య నామంతో వచ్చిన ఒక తల్లి హత్యల గురించి చెబుతూ, తన ఆరేళ్ల కూతుర్ని ముగ్గురు మిలీషియా మనుషులు చెరిచారని చెప్పింది. అకయేసు కార్యాలయం దగ్గర ఇంకా ఇలాంటివి జరిగాయని విన్నానంది. ధర్మాసనం అడిగినప్పుడు తేలిందేమంటే, అంతకుముందు ఆమెను కలిసిన దర్యాప్తు అధికారులు ఈ సంగతి అడగనే లేదు. కొద్దికాలానికి వచ్చిన సాక్షి ‘హెచ్’ తన మీదే జరిగిన అత్యాచారం గురించి చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఏకైక స్త్రీ నవనీతం పిళ్ళై, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తమిళ మూలాలున్న కుటుంబంలో పుట్టిన న్యాయవాది, ఈ విషయం మీద సాక్షులను ప్రశ్నలడిగారు. విచారణ ఆగింది. ప్రాసిక్యూషన్ మళ్లీ దర్యాప్తుకు వెళ్లింది. 1997 జూన్‌లో అభియోగ పత్రాన్ని సవరించి మూడు అభియోగాలు చేర్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, జాతి నిర్మూలన నేరంపై ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి ఇచ్చిన మొదటి తీర్పు. ఒక జాతిని నాశనం చేసే ఉద్దేశంతో జరిగినప్పుడు అత్యాచారం జాతి నిర్మూలన కిందికే వస్తుందని అది తేల్చింది. అత్యాచారాన్ని శరీర భాగాల జాబితాగా కాకుండా, నిర్బంధ పరిస్థితుల్లో ఒక మనిషిపై జరిగే లైంగిక స్వభావం గల దాడిగా నిర్వచించింది. అకయేసుకు యావజ్జీవం పడింది.

ఈ తీర్పు స్త్రీ సంఘాల ఒత్తిడికి లొంగి వచ్చిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ అక్కడక్కడా వినిపిస్తుంది. అభియోగాలు చేర్చాలని కోరుతూ కొన్ని సంస్థలు కోర్టుకు లిఖితపూర్వకంగా విన్నవించిన మాట వాస్తవం. ధర్మాసనం ఈ ప్రశ్నను దాటవేయలేదు. సవరణకు మూలం బయటి ఒత్తిడి కాదు, సాక్షులు బోనులో చెప్పిన మాటలేనని తీర్పులోనే రాసింది. నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. 1996 సెప్టెంబరులోనే, అంటే విచారణకు నాలుగు నెలల ముందే, హ్యూమన్ రైట్స్ వాచ్ రువాండాలో అత్యాచారాల మీద ఒక పూర్తి నివేదిక ప్రచురించింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి అదే ఏడాది అత్యాచారాల సంఖ్య రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. అంచనా ఎంత స్థూలమైనదైనా, నేరం ఎవరికీ తెలియనిది కాదు. ఊరంతటికీ తెలిసింది కోర్టు కాగితంలోకి ఎక్కలేదంటే, దానికి బాధ్యత చెప్పని స్త్రీలది అనలేం. జె అనే ఆ తల్లి, అడగకపోయినా, తనంతట తానుగా చెప్పింది.

అరూషాలో తప్పిన ప్రమాదం ఫ్రీటౌన్‌లో తప్పలేదు. సియెర్రా లియోన్ ప్రత్యేక కోర్టులో పౌర రక్షణ దళాల నాయకుల మీద నడిచిన కేసులో ప్రాసిక్యూషన్ లైంగిక నేరాల అభియోగాలు చేర్చడానికి 2004 తొలినాళ్లలో అనుమతి కోరింది. ఆలస్యమైందనీ, ముద్దాయిలకు త్వరిత విచారణ హక్కు ఉందనీ మే నెలలో ధర్మాసనం మెజారిటీతో తిరస్కరించింది. ఆ కారణాన్ని తీసిపారేయలేం. ముద్దాయికి తన మీద నేరమేమిటో ముందుగా తెలియాలి. కానీ దాని ఫలితం ఇది: సాక్షులుగా వచ్చిన స్త్రీలు హత్యలూ దహనాలూ చెప్పగలిగారు, తమ శరీరాల మీద జరిగింది చెప్పబోతే అది ఈ కేసులో భాగం కాదన్న మాట ఎదురైంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మొదటి కేసులోనూ ఇదే జరిగింది. కాంగోకు చెందిన తోమా లుబంగాపై ప్రాసిక్యూటర్ పెట్టిన అభియోగాలు బాలలను సైన్యంలో చేర్చుకోవడం, వాడుకోవడం మాత్రమే. ఆ శిబిరాల్లో బాలికలు అనుభవించిన లైంగిక హింస గురించి సాక్షులు కోర్టులో చెప్పారు. 2012 మార్చిలో వచ్చిన తీర్పు, అభియోగంలో లేనిదాని మీద శిక్షించలేమంది. న్యాయమూర్తి ఓడియో బెనీటో విభేదించారు. మరీ బాధపెట్టే సంగతేమంటే, ఆ కోర్టును పుట్టించిన 1998 నాటి రోమ్ శాసనం అప్పటిదాకా వచ్చిన అన్ని చట్టాలకన్నా వివరమైనది. అత్యాచారం, లైంగిక బానిసత్వం, బలవంతపు గర్భం, బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్స అన్నీ పేరుపేరునా అందులో ఉన్నాయి. 54వ అధికరణం ఇంకా ముందుకెళ్లి, దర్యాప్తులో లైంగిక హింస స్వభావాన్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోవాలని ప్రాసిక్యూటర్‌ను ఆదేశించింది. అంత చట్టం ఉండి కూడా మొదటి కేసులో ఆ నేరం తప్పిపోయింది. ఆ తర్వాత 2014లో ప్రాసిక్యూటర్ ఫతూ బెన్సూదా కార్యాలయం ఈ నేరాలపై ప్రత్యేక విధానపత్రం తెచ్చింది. అదే ప్రాంతపు యుద్ధంలో, అదే సాయుధ బృందానికి చెందిన బోస్కో న్టగాండాపై 2019లో వచ్చిన తీర్పులో, సొంత దళంలోని బాలికలపై జరిగిన అత్యాచారం, లైంగిక బానిసత్వం కూడా శిక్షార్హమైన యుద్ధనేరాలుగా రుజువయ్యాయి. రెండు కేసుల మధ్య శాసనంలో ఈ నేరాల గురించిన భాగం మారలేదు. మారింది దర్యాప్తు.

ఈ నేరం గురించి అడగడం విధి కావాలన్న వాదనకు న్యాయవాదుల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం సాక్ష్యం గురించి. యుద్ధంలో వైద్య పరీక్ష ఉండదు, ఫిర్యాదు ఏళ్ల తర్వాత వస్తుంది, జ్ఞాపకం చెదురుతుంది. ఒక్కరి మాట మీద మనిషిని జైల్లో పెట్టడం న్యాయమా అని. ఇది తేలికైన ప్రశ్న కాదు. యుగోస్లావియా, రువాండా ట్రైబ్యునళ్లు 96వ నిబంధన ద్వారా, లైంగిక నేరాల్లో బాధితురాలి సాక్ష్యానికి వేరే ఊతం తప్పనిసరి కాదన్నాయి. హత్య కేసులో ప్రత్యక్ష సాక్షి మాటకు లేని అదనపు షరతును ఈ నేరానికి మాత్రమే పెట్టే పాత పద్ధతిని తీసేయడమే అది. నేరాన్ని సందేహానికి అతీతంగా రుజువు చేసే భారం ఎప్పటిలా ప్రాసిక్యూషన్‌దే. యుగోస్లావియా ట్రైబ్యునల్‌లో నడిచిన ఫురుంజియా కేసులో ఈ సంగతి నేరుగా పరీక్షకు వచ్చింది. సాక్షి ‘ఎ’ మానసిక గాయానికి చికిత్స తీసుకున్న రికార్డులు ప్రాసిక్యూషన్ ఆలస్యంగా ఇచ్చిందని డిఫెన్స్ అభ్యంతరం చెప్పింది. కోర్టు ఆ అభ్యంతరాన్ని అంగీకరించి విచారణను తిరిగి తెరిచింది, ఆమెను మళ్లీ క్రాస్ ఎగ్జామిన్ చేయనిచ్చింది. గాయపడిన మనసు ఉన్నంత మాత్రాన సాక్షి నమ్మదగనిది కాదని 1998 డిసెంబరులో తీర్పు చెప్పింది. ముద్దాయి హక్కూ నిలిచింది, ఆమె మాటా నిలిచింది. బోస్నియాలోని ఫోచా పట్టణానికి సంబంధించిన కునారాట్స్ కేసులో ముద్దాయి, ఒక బందీ తనంతట తానే దగ్గరైందని వాదించాడు. అలా నడుచుకోకపోతే చంపేస్తామని వేరే సైనికుడు ఆమెను బెదిరించిన సంగతి సాక్ష్యంలో తేలింది. చెరలో ఉన్న మనిషి విషయంలో సమ్మతి గురించి అడగాల్సింది ఆమె ఎంత ప్రతిఘటించిందని కాదు, కాదనే వీలు ఆమెకు ఉందా అని. 2001 ఫిబ్రవరి 22న ముగ్గురికి 28, 20, 12 ఏళ్ల శిక్షలు పడ్డాయి. లైంగిక బానిసత్వం మానవాళిపై నేరమని స్థిరపడింది. ఇదంతా సాక్ష్యపు ప్రమాణాన్ని తగ్గించడం వల్ల రాలేదు. ఎవరు ఏ ఇంట్లో, ఏ హాల్లో, ఎవరి కాపలాలో ఉన్నారో వరసగా నమోదు చేసిన దర్యాప్తు వల్ల వచ్చింది.

రెండో అభ్యంతరం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అడగడమే మరో హింస కావచ్చు. 2001లో అరూషాలోనే బుటారే కేసులో ఒక బాధితురాలిని డిఫెన్స్ లాయర్లు రోజుల తరబడి ప్రశ్నించారు. ఆ ప్రశ్నల మధ్య న్యాయమూర్తులు నవ్వారన్న వార్త రువాండాలో పెద్ద ఆగ్రహాన్ని రేపింది. బాధితుల సంఘాలు ట్రైబ్యునల్‌కు సహకారం ఆపేశాయి. వాళ్ల కోపం న్యాయమైనదే. ఒకే సంగతిని పదిమంది అధికారులకు, విలేఖరులకు, సంస్థలకు పదేపదే చెప్పించడం, ముఖం బయటపెట్టడం, సాయం అందుతుందని ఆశపెట్టి వాంగ్మూలం తీసుకోవడం ఇరాక్‌లోని యజీదీ స్త్రీల విషయంలోనూ జరిగింది. వాళ్లలో ఒకరైన నదియా మురాద్ పేరుతో 2022లో వచ్చిన ప్రవర్తనా నియమావళి అందుకే పుట్టింది. కానీ ఈ అనుభవాల నుంచి ‘అడగకపోవడమే దయ’ అన్న ముగింపుకు రావడం పొరపాటు. చెప్పాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. అడగని అధికారి ఆ నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని తానే తీసుకుంటున్నాడు, అదీ ఆమెకు తెలియకుండా. అడిగే తీరు, అడిగే సమయం, పక్కన ఎవరుండాలి, చెప్పనంటే వెంటనే ఆపడం, ఇవన్నీ నేర్చుకోగల నైపుణ్యాలు.

గ్వాతెమాలాలోని సెపూర్ సార్కో కేసు ఇందుకు నాకు తెలిసిన మంచి నిదర్శనం. 1982–83 ప్రాంతంలో సైనిక స్థావరంలో కెక్చీ మాయా స్త్రీలను లైంగిక బానిసత్వంలోనూ ఇంటి చాకిరీలోనూ ఉంచారు; అంతకుముందే వాళ్ల భర్తలను మాయం చేశారు, భూమి హక్కు అడిగినందుకు. స్త్రీ సంఘాలు, మనస్తత్వ నిపుణులు ఏళ్లపాటు వాళ్లతో కూర్చున్నాక, 2010లో ప్రజల మధ్య, శిక్షించే అధికారం లేని ఒక అంతఃకరణ న్యాయస్థానం జరిపారు. మరుసటి ఏడాది క్రిమినల్ ఫిర్యాదు. 2016 ఫిబ్రవరి 26న ఆ దేశపు సొంత కోర్టే ఇద్దరు సైనిక వ్యక్తులకు 120, 240 ఏళ్ల శిక్షలు వేసింది. వృద్ధులైన ఆ స్త్రీలు శాలువాలతో ముఖాలు కప్పుకుని కోర్టులో కూర్చున్నారు; తమ భాషలో వాళ్లు చెప్పిన మాటలు దుబాసీల ద్వారా కోర్టుకు చేరాయి. మూడు దశాబ్దాలు గడిచినా సాక్ష్యం నిలబడింది, ఎందుకంటే దాన్ని తీసుకున్నవారికి ఓపిక ఉంది.

మూడో అభ్యంతరం ఓటమి గురించి. జాన్ పియెర్ బెంబాకు 2016లో పడిన 18 ఏళ్ల శిక్షను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అప్పీలు ధర్మాసనం 2018 జూన్ 8న 3–2తో కొట్టేసింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో 2002–03లో అతని దళాలు చేసిన అత్యాచారాలకు నాయకుడిగా అతన్ని బాధ్యుడిని చేసిన ఆ కేసు కూలితే, ఈ మార్గమే వృథా అన్నారు కొందరు. ఆ మెజారిటీ తీర్పులో నాకు అంగీకారం లేని భాగాలున్నాయి. దూరంగా ఉన్న సేనానికి ఇచ్చిన వెసులుబాటు మరీ ఎక్కువ. కానీ కేసు కూలడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, ధృవీకరించిన అభియోగాల్లో నిర్దిష్టంగా లేని ఘటనల మీద కూడా శిక్ష వేశారన్నది. తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాం. ఏ ఊరు, ఏ తేదీ, ఏ దళం, పైనున్నవాడికి ఏ వార్త ఏ రోజు చేరింది అన్నది మొదట్లోనే రాసుకోకపోతే, బాధితులు వేలల్లో ఉన్నా, వాళ్ల మాటలు నిజమేనని అందరూ నమ్మినా, సేనాని దాకా దారి తెగిపోతుంది.

స్త్రీవాద పండితుల్లో కొందరు వేరే ఆందోళన చెబుతారు: యుద్ధంలో స్త్రీలు కోల్పోయే భూమి, ఇల్లు, తిండి, పిల్లలు వెనక్కిపోయి, వాళ్లు చెరచబడిన శరీరాలుగానే కోర్టు రికార్డులో మిగులుతారని. అయితే సెపూర్ సార్కోలో భూమి తగాదాను, భర్తలను మాయం చేయడాన్ని, చాకిరీని, అత్యాచారాన్ని ఒకే కేసుగా నడిపారు. మంచి దర్యాప్తు ఆ స్త్రీ పోగొట్టుకున్నదంతా అడుగుతుంది.

ఇక మన దగ్గరికి. భారతదేశం రోమ్ శాసనంపై సంతకం చేయలేదు. మన్యంలోనో బస్తర్‌లోనో జరిగేదాన్ని సాయుధ సంఘర్షణగా మన ప్రభుత్వం ఒప్పుకోదు. అయినా తుపాకీ చేతిలో ఉన్నవాడి ముందు నిలబడ్డ స్త్రీ స్థితిని మన చట్టం గుర్తించింది. లైంగిక నేరాల చట్టాలను సమీక్షించిన జస్టిస్ వర్మ కమిటీ సిఫారసుల తర్వాత క్రిమినల్ చట్టాలకు వచ్చిన 2013 సవరణ, మోహరించిన సాయుధ బలగాల సిబ్బంది చేసే అత్యాచారాన్ని తీవ్ర నేరంగా వేరే చెప్పింది. ఇలాంటి నేరాల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదంది. సైనిక బలగాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని కూడా సవరించాలన్న కమిటీ మాటను మాత్రం పార్లమెంటు పక్కన పెట్టింది. 2013 సవరణే శిక్షాస్మృతిలో 166ఎ సెక్షన్‌ను తెచ్చింది. లైంగిక నేరాలపై అందిన సమాచారాన్ని నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 199వ సెక్షన్. ఈ ఉపన్యాసమంతా నేను వాదిస్తున్న సూత్రం ఆ నిబంధనలో సగమే ఉంది: నమోదు చేయకపోవడం నేరం, సరిగ్గా దర్యాప్తు చేయకపోవడం ఎక్కువభాగం శాఖాపరమైన వ్యవహారం.

ఆ మిగిలిన సగం ఎంత ఖరీదైనదో వాకపల్లి చెబుతుంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో మావోయిస్టుల గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆరోపణను పోలీసులు ఖండించారు. విచారణ జరగాలా వద్దా అన్నది తేలడానికే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2017లో ఆ అడ్డంకి తొలగింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. ముద్దాయిలు చట్టం దృష్టిలో నిర్దోషులు, ఆ మాట మనం గౌరవించాలి. అదే తీర్పు దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది. దాదాపు పదహారేళ్ల తర్వాత ఆ స్త్రీలకు దక్కింది ‘మీరు చెప్పింది అబద్ధం’ అన్న నిర్ధారణా కాదు, ‘నిజం’ అన్న నిర్ధారణా కాదు. ఆరోపణకు గురైనవారికీ నిష్కల్మషమైన నిర్దోషిత్వం దక్కలేదు. చెడ్డ దర్యాప్తు ఇరుపక్షాలకూ అన్యాయమే చేస్తుంది. బలగాల మీద ఆరోపణ వచ్చినప్పుడు దర్యాప్తు ఆ బలగాలతో సంబంధం లేని సంస్థ చేతికి తొలిరోజే వెళ్లాలి. బాధితుల భాష తెలిసిన స్త్రీలు ఆ వాంగ్మూలాలు తీసుకోవాలి. వైద్య పరీక్ష, గుర్తింపు పరేడ్, ఆ రోజు డ్యూటీ రికార్డులు ఫలానా గడువులో భద్రపరచకపోతే ఎందుకు భద్రపరచలేదో అధికారి మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా చెప్పాలి. కేసు వీగిపోయి, అందుకు దర్యాప్తే కారణమని కోర్టు రాసినప్పుడు, ఆ రాత మీద ప్రభుత్వం ఏం చర్య తీసుకుందో ఏడాదిలోగా అదే కోర్టు ముందు దాఖలు చేయాలి, ఫిర్యాదు చేసిన స్త్రీలకు ఒక ప్రతి అందాలి.